పసుపు రంగు కింద తెల్ల ముగ్గు

ఉదయం ఆరుంబావుకు ఎల్బీ నగర్‌లో సూర్యాపేట బస్సు ఎక్కాను. శ్రావణ సోమవారం, సన్నటి తుంపర. సంచీలో ఉన్నవి: కట్టెలో తేమ కొలిచే రెండు సూదుల మీటరు, స్క్రూడ్రైవరు, రంగు గోకే రేకు, కొలత టేపు, భూతద్దం, రబ్బరు తొడుగులు, మూడు జతల బట్టలు, గొడుగు. గొడుగును ఆ బస్సులోనే మరిచిపోయాను కాబట్టి దాని ప్రస్తావన ఇక రాదు.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తాను. తలుపులు, కిటికీ చట్రాలు, ప్లైవుడ్ ఎందుకు పుచ్చిపోతాయో, పుచ్చకుండా ఏం చేయాలో చూడటం మా పని. బంధువుల్లో ఈ ఉద్యోగం అర్థమైనవాళ్లు తక్కువ. మిర్యాలగూడలో ఉండే మా మేనత్త కొడుకు శ్రీను బావ నన్ను ‘కట్టెల డాక్టర్’ అంటాడు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది ఆయనే.

“డాక్టర్ సాబ్, జర రావాలె. మా దర్వాజకు పాణం మీదికొచ్చింది.”

“చెదలా?”

“చారి చెదనే అంటున్నడు. అవ్వేమో అన్నం సరిగ తింటలేదు. గురువారం ముహూర్తం. నువ్వొచ్చి ఏదో ఒకటి చెప్పు.”

విషయం ఇది. మామ, బావ కలిసి రైస్ మిల్లుల దగ్గర నూకలు, తవుడు అమ్ముతారు. ఊరి చివర, మాడుగులపల్లి వైపు పోయే దారిలో కొత్త ఇల్లు కడుతున్నారు. గురువారం ఉదయం ఆ ఇంటికి సింహద్వారం నిలబెట్టాలి. మామ వాళ్ల అమ్మ నర్సమ్మను అందరం అవ్వ అంటాం. పాత ఇంటి దర్వాజనే కొత్త ఇంటికి పెట్టాలని అవ్వ పట్టు. దర్వాజ అంటే తలుపు రెక్కలు కాదు, వాటిని మోసే చట్రం: రెండు నిలువు కమ్ములు, పైన ఒక అడ్డం, కింద గడప. గోడలోంచి దాన్ని ఊడదీసేటప్పుడు గడప రెండు కొసలూ పిండిలా రాలాయట. కోదాడ నుంచి వచ్చి చూసిన వడ్రంగి చారి, అంతా చెద తినేసింది, కొత్తది చేస్తానని చెప్పిపోయాడు. “ఆ దర్వాజ లేని ఇంట్ల నేను అడుగు పెట్ట” అని అవ్వ అంది. అవ్వ అన్నదంటే అన్నదే.

అందుకని నా దారి నేరుగా మిర్యాలగూడకు కాకుండా సూర్యాపేట, కోదాడల మీదుగా పడింది. సూర్యాపేటలో మందు కొనాలి. కోదాడలో చారిని కలిసి కొత్త దర్వాజ పని ఆపించాలి.

తొమ్మిదిన్నర దాటాక సూర్యాపేటలో దిగాను. బస్టాండు ఎదుట నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి. పచ్చడి చాలా బాగుంది, ఇడ్లీలు నిన్నటివి. అక్కడి నుంచి ఆటోలో బజారుకు వెళ్లాను. నాకు కావలసినవి రెండే: వెలిగారం, బోరిక్ పొడి. రెండూ ల్యాబ్‌లో ఉన్నాయి, కానీ బజారులో దొరికే సరుకుతోనే ఈ పని చేయాలని నా పంతం. రేపు ఎవరైనా తమ ఇంట్లో చేసుకోవాలంటే ల్యాబ్ చుట్టూ తిరగలేరు కదా. వెలిగారం కంసాలులు బంగారం అతికేటప్పుడు వాడతారు కాబట్టి మూలికలు, పూజా సామాను అమ్మే పాత దుకాణాల్లో దొరుకుతుంది. దుకాణం సేటు ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి చూశాడు.

“ఎలిగారం ఎంత గావాలె? తులమా, రెండు తులాలా?”

“రెండు కిలోలు.”

“రెండు కిలోలా! ఎంత బంగారం ఉన్నది నీ కాడ?”

“బంగారం కాదు సేటూ, గడప.”

“బంగారు కడపనా!” అని పక్కనున్న గిరాకీతో సహా నవ్వాడు. తూకం వేస్తూ, “బోరిక్ పొడి క్యారమ్ బోర్డుకా, బొద్దింకలకా?” అని అడిగాడు. పుట్టగొడుగులకు అన్నాను. ఇంకేం అడగకుండా రెండు పొట్లాలూ చేతిలో పెట్టాడు.

పదిన్నరకు కోదాడ బస్సు. పక్క సీట్లో అరవై దాటిన రైతు. రెండు మోకాళ్ల మధ్య కొత్త పార కట్టె నిలబెట్టుకుని కూర్చున్నాడు. మీటరు తడిసిందేమోనని నేను బయటికి తీసి తుడుస్తుంటే అడిగాడు.

“ఏందది పిలగా? వడ్ల మీటరా?”

“కట్టె మీటర్ కాకా. కట్టెలో తేమ చెప్తుంది.”

“అట్లనా. మరి నా కట్టె సూడు. ఇప్పుడే కొన్న. ఎండుకట్టె అని ఇచ్చిండు.”

సూదులు గుచ్చాను. ముప్పై ఒకటి చూపించింది. చెప్పగానే ఆయన సీట్లోంచి సగం లేచాడు.

“యాసంగిల నా వడ్లు పంతొమ్మిది ఉన్నయని మూడు దినాలు రోడ్డు మీద ఎండబోపిచ్చిండ్రు. పదిహేడుకు దిగితెనే కాంటా పెడ్తమన్నరు. గీడేమో ముప్పై ఒకటి కట్టె నాకంటగట్టిండా!”

“బస్ ఆపాల్నా కాకా? దిగి వాపస్ ఇచ్చొస్తవా?” అన్నాడు కండక్టర్.

“వద్దు తియ్. నీడకు ఆరవెట్టుకుంట.”

ఆయన చెప్పిందే సరైన పద్ధతి. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. ఈ జిల్లాలో తేమ శాతం అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనవసరం లేదు. వడ్లకు పదిహేడు ఎలాగో, కట్టెకు ఇరవై అలాగే. ఇరవైకి లోపల ఉన్నంతకాలం కట్టెను శిలీంధ్రం ముట్టుకోదు. దాటి చాలాకాలం ఉంటే గాలిలో తిరిగే దాని బీజాలు కట్టెలో దిగి తినడం మొదలుపెడతాయి. దానికి కావలసినవి తిండి, గాలి, నీళ్లు. కట్టే దాని తిండి. గాలిని మనం ఆపలేం. మన చేతిలో ఉన్నది నీళ్లొక్కటే.

కోదాడలో దిగేసరికి పన్నెండు. హైవే పక్కన మెస్‌లో భోజనం చేశాను. దోసకాయ పప్పు, గోంగూర, రెండోసారి అడగకుండానే వడ్డించారు. చారి ఉండేది ఊరు దాటాక ఒక కోత మిల్లు ఆవరణలో. యాభై ఏళ్ల మనిషి, చెవిపైన పెన్సిలు, మాటలో సగం మా వైపు యాస, సగం అవతలి వైపుది.

“రండి రండి. మిరాలగూడ డాక్టరుగారు మీరేనా? పేషెంటు పోయాక వచ్చారు కదండి.”

“చెదేనని ఎలా అనుకున్నారు?”

“పుచ్చింది కదండి. పుచ్చితే చెదే. పోయినేడు నేనే చెద మందు కూడా కొట్టాను. ఆగలా.”

“మట్టి దారులు కనిపించాయా? లోపల మట్టి ఉందా?”

ఆయన పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. “మట్టి... లేదండి. అదొకటి నాక్కూడా అనుమానమే.”

ఆవరణలో వేప దుంగలు వరసలుగా పేర్చి ఉన్నాయి. వానకు అన్నీ తడిసినవే. నేలకు ఆనుకున్న అడుగు వరసకు మాత్రం చెవి తమ్మెల్లాంటి బూడిద రంగు పుట్టగొడుగులు అంచులంతా మొలిచాయి. స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి దాకా దిగింది. పై వరసలో అంగుళం కూడా దిగలేదు.

“కింది వరస ఎప్పుడూ పోద్దండి, పైది పోదు. మా నాన్న కాలం నుంచీ చూస్తున్నాను,” అన్నాడు చారి.

“పైది తడుస్తుంది, ఆరుతుంది. కిందిది తడుస్తుంది, ఆరదు. అంతే తేడా. మీ మందు చెదలకే పనిచేస్తుంది. ఇది పురుగు కాదు, బూజు జాతి. అవ్వ గడపకు పట్టింది కూడా ఇదేనని నా అనుమానం. అదే అయితే తడి తగిలినంత మేరే పోయి ఉంటుంది, మిగతాది బాగుంటుంది.”

“బాగుంటే మంచిదే. నేను కొత్త దర్వాజకు కట్టె కోసేశానండి. ఆరిన వేప. దాన్నేం చేసుకోను?”

ముందు ఆ గడప చూద్దాం రమ్మన్నాను. రేపు ఉదయం వచ్చి తన కళ్లతో చూస్తానని, నా అనుమానం తప్పని తేలితే ఆ రోజే కొత్త దర్వాజ పని మొదలుపెడతానని చారి మాటిచ్చాడు. కోసిన కట్టె కూడా ఆటో ట్రాలీలో తెస్తానన్నాడు, ఎటైనా పనికొస్తుందని.

నాలుగు గంటలకు హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సు. కిటికీ అద్దం సగమే మూసుకుంటుంది, నా ఎడమ భుజం దారంతా తడిసింది. రోడ్డుకు రెండువైపులా నాట్లు. వానలో వంగిన ఆడవాళ్ల వీపుల మీద యూరియా సంచుల గొంగళ్లు. ఏడు దాటాక ఊరు ఇంకా కనబడకముందే వాసన వచ్చింది: మిల్లుల్లో ఉడుకుతున్న వడ్ల వాసన. ఊరి పేరు చదవకుండా దిగగలిగే ఊరు నాకు ఇదొక్కటే.

మామ వాళ్లు ఇప్పుడు కిరాయి ఇంట్లో ఉంటున్నారు. అత్తమ్మ తువ్వాలు, టీ ఒకేసారి అందించింది. లోపలి నుంచి గొంతు వినిపించింది.

“వచ్చిండా? కట్టెల డాక్టరు వచ్చిండా? ముందుగాల దాన్ని సూసి రమ్మను, తర్వాత తింటడు.”

“అత్తా, చీకటైంది. పిల్లగాడు తడిసొచ్చిండు,” అంది అత్తమ్మ.

“సరే తినుమను. నాకు మాత్రం పెట్టకు.”

చివరకు ఇద్దరం కలిసే తిన్నాం. నేను పక్కన కూర్చున్నందుకే అవ్వ నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నదని అత్తమ్మ తర్వాత చెప్పింది.

మంగళవారం ఎనిమిదింటికి అందరం పాత ఇంటికి వెళ్లాం. గోడలు సగం కూల్చారు, అరుగు మీది రేకులు ఇంకా ఉన్నాయి. వాటి కింద దర్వాజ గోడకు ఆనించి ఉంది. టేకు కమ్ములు, వేప గడప. గడప మీద నిగనిగలాడే పసుపు రంగు పెయింటు, దాని మీద తెల్ల ముగ్గు, మూరకొక ఎర్ర బొట్టు. ముగ్గు గీతలు అక్కడక్కడా వంకరపోయాయి.

అవ్వ మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూర్చుంది. చారి కూడా మాట ప్రకారం వచ్చి నిలబడ్డాడు. నేను ముందు కమ్ములు చూశాను. మోకాలి ఎత్తు నుంచి పైన మీటరు పదమూడు, పద్నాలుగు దాటలేదు; స్క్రూడ్రైవరు దిగలేదు. కింద జానెడు మాత్రం మెత్తబడింది. పైన అడ్డకమ్మి గట్టిగా ఉంది. తర్వాత గడప ఎడమ కొస.

“ఎంతున్నది?” అవ్వ అడిగింది.

“ముప్పై నాలుగు.”

“ముప్పై నాలుగు! మిల్లోడు గేటు కాడనే ఎల్లగొడ్తడు.” జీవితమంతా వడ్ల మధ్య బతికిన మనిషి.

రేకుతో పెయింటు అంచు లేపాను. అది పొరలా, గుడ్డ లాగినట్టు లేచింది. దాని అడుగున, తడి కట్టె మీద, తెల్లటి సన్నపు దారాలు విసనకర్రలా పరుచుకుని ఉన్నాయి. ఒక్కో దారం చీలి రెండై, రెండు నాలుగై, కొసల్లో దూదిలా తేలిపోయింది. మట్టి లేదు, పురుగు తొలిచిన బొక్కలు లేవు. కట్టె మాత్రం నారలు నారలుగా, వేలితో నొక్కితే నీళ్లు వచ్చేలా ఉంది. చారి వంగి చూసి, “చెద కాదండి,” అన్నాడు.

అవ్వ కూడా అరుగు దిగి వచ్చింది. భూతద్దం అడిగి తీసుకుంది.

“అరే, నా ముగ్గు కింద ఇది ఇంకో ముగ్గేసుకున్నదే! నాకన్న సక్కగేసింది.” తర్వాత నా వైపు తిరిగింది. “ఎట్ల పట్టింది బిడ్డా ఇది?”

ఎలా పట్టిందో నాకప్పటికే తెలిసిపోయింది. పెయింటు లోపలి వైపు పాత పసుపు మందంగా అంటుకుని ఉంది. అంటే పసుపు రాసి ఉన్న కట్టె మీదే పెయింటు వేశారు. కమ్మికీ గడపకీ మధ్య అతుకు దగ్గర పెయింటు పగిలి ఉంది. నీళ్లు ఆ పగులులోంచి లోపలికి పోతాయి. బయటికి రావడానికి దారి లేదు, పైనంతా పెయింటు కప్పేసింది. బావ వైపు చూశాను. ఆయన రేకుల వైపు చూస్తున్నాడు.

“వాన నీళ్లు పోయి ఉంటాయి అవ్వా,” అన్నాను.

“వాన ఏడికెల్లొస్తది? మీద రేకులున్నయ్ గద. నీళ్లు పోసింది నేను. శుక్రవారం శుక్రవారం చెంబెడు.”

“రంగేసింది నేను,” అన్నాడు బావ మెల్లగా.

ఆ కథ అత్తమ్మ చెప్పింది. కొన్నేళ్ల కింద అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. ప్రతి శుక్రవారం గడప కడిగి, వంగి పసుపు రాసి, ముగ్గు పెట్టి, లేవలేక గోడ పట్టుకునేది. అది చూడలేక బావ ఒక గురువారం రాత్రి చడీచప్పుడు లేకుండా పసుపు పెయింటు డబ్బా తెచ్చి, తానే ముగ్గు గీసి, బొట్లు పెట్టాడు. ఇక వంగనక్కర లేదని. అవ్వ వంగడం మానేసింది. కానీ నీళ్లు పోయకుండా ఉండలేకపోయింది. నిలబడే, పైనుంచి చెంబెడు పోసేది. ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఇలాగే జరుగుతున్నదో. మా వైపు ఏ వీధిలో నడిచినా గడపల మీద ఆ పెయింటే కనిపిస్తుంది.

“నాకేం తెలుసు అవ్వా,” అన్నాడు. “నీకు తక్లీఫ్ కావద్దనే ఏసిన.”

అవ్వ భూతద్దం నా చేతిలో పెట్టింది. “మోకాళ్లు నొస్తయని నువ్వు రంగేస్తివి. మోకాళ్లు నొచ్చినా నేను నీళ్లు పోస్తి. ఇద్దరం గలిసి దాన్ని నానవెట్టినం. ఇగ ఏడుస్తె ఆరుతదా? మొత్తం సూడుమను, ఎంత మిగిలిందో.”

కొసలు రెండూ పోయాయి. అతుకులు లేని మధ్యభాగంలో మాత్రం పగులు లేదు, నీళ్లు లోపలికి పోలేదు. మీటరు పద్దెనిమిది. “ఒక్కటే ఎక్కువున్నది. బతిమాలితే కొంటడు,” అంది అవ్వ. కొలిస్తే మిగిలిన గట్టి ముక్క మూడు అడుగులకు రెండు అంగుళాలు తక్కువ. పాత గడప పొడవు ఐదున్నర అడుగులు.

చారి తల గోక్కున్నాడు. రెండువైపులా అతికితే పొడవు వస్తుంది, కానీ నీళ్లు మళ్లీ అతుకుల్లోకే పోతాయి. నేను దాచకుండా చెప్పాను. “సింహద్వారానికి కట్టె గడప పెడితే, శుక్రవారం నీళ్లు పోస్తే, మందు కూడా కొట్టుకుపోతుంది అవ్వా. వెలిగారం నీళ్లలో కరుగుతుంది. కొన్నేళ్లకు మళ్లీ ఇదే.”

“నీళ్లు పొయ్యకుంటే?”

“ఉంటుంది.”

“నీళ్లు పొయ్యని కడప కడపనా?” అని లేచింది. కొంగుతో గడప మధ్యభాగం తుడిచింది. “మీ తాతకు చెవుడు. ఏం చెప్పినా వినవడకపోయేది. దుకాణంల నష్టమొచ్చినా, పిల్లలకు జరమొచ్చినా శుక్రవారం వంగి పసుపు రాసుకుంట దీనికే చెప్పుకున్న. దీనికెంత తెలుసో మీకెవ్వరికి తెల్వది.” ఆటో ఎక్కి కిరాయి ఇంటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అవ్వ అన్నం తినలేదు. చారి, బావ, నేను అరుగు మీదే కూర్చుని తెచ్చుకున్న డబ్బాలు తెరిచాం. నా లెక్కలో దారులు మూడే: రాయి గడప పెట్టి కట్టెది పక్కన పెట్టడం, అతికించిన గడప పెట్టి అవ్వను నీళ్లు మాన్పించడం, మొత్తం కొత్తది చేయడం. ఏ దారిలో పోయినా అవ్వకు ఏదో ఒకటి పోతుంది. ఇది ల్యాబ్‌లో తేలే విషయం కాదు.

మూడింటికి ఆటో మళ్లీ వచ్చి ఆగింది. అవ్వ దిగకుండానే లోపల కూర్చుని అడిగింది.

“సీనూ, కొత్తింట్ల దేవుని అర్రకు తలుపెంత?”

“రెండున్నర అడుగులు.”

“గా ముక్క?”

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. “సరిపోద్దండి,” అన్నాడు చారి. “కమ్ములు కూర్చోడానికి అటో రెండంగుళాలు, ఇటో రెండంగుళాలు మిగుల్తది.”

“ఆడ నేను నీళ్లు పొయ్య. పటాలు తడుస్తయని మీ తాత మొత్తుకునేటోడు. పొడి బొట్టే పెడ్త. పెద్ద దర్వాజకు రాయి పెట్టుండ్రి, బిందెడు పోస్త, ఎవడు అడ్డమొస్తడో సూస్త. రాయి మీద కమ్ములు పాతవే నిలవెట్టాలె. ఏమంటవ్ డాక్టరూ?”

“సరేనవ్వా,” అన్నాను. కమ్ముల కొసలు మట్టికి, తడికి దూరంగా రాయి మీద కూర్చోవడం కట్టెకు మంచిదే. గట్టి ముక్క ఇంటి లోపల, దేవుడి గదిలో పొడిగా ఉంటుంది. చారి కోసిన కొత్త వేప దేవుని అర్ర కమ్ములకు సరిగ్గా సరిపోయింది. చారి ఆ సాయంత్రమే రంపం తీశాడు.

“ఇగ నేను చెప్పేది పక్కనున్న దేవునికి గూడ వినవడ్తది,” అని నవ్వి, అవ్వ ఆటోవాడితో, “నడువు, ఆకలైతున్నది,” అంది.

బుధవారమంతా పని. చేసుకోదలచినవాళ్ల కోసం క్రమంగా రాస్తున్నాను. ముందు పుచ్చిన భాగాన్ని, దాన్ని దాటి గట్టిగా కనిపించే ఇంకో జానెడునూ కలిపి కోసేయాలి. దారాలు కంటికి కనిపించేదాని కన్నా ముందుకు పోయి ఉంటాయి. మేము కొలిచిన ముక్క ఆ జానెడు వదిలేశాక మిగిలినదే. పెయింటు పూర్తిగా గోకాలి. వెలిగారం, బోరిక్ పొడి రెండూ కలిపి వేడి నీళ్లలో కరిగించాలి. విడివిడిగా కన్నా కలిపితే ఎక్కువ కరుగుతాయి. వంట గిన్నె వాడొద్దు. అత్తమ్మ ఖాళీ నూనె డబ్బా ఇచ్చి, అది మళ్లీ ఇంట్లోకి రావద్దని ఆర్డర్ వేసింది. చేతులకు తొడుగులు వేసుకుని, వేడిగా ఉన్నప్పుడే కుంచెతో తడిపి, పీల్చుకున్నాక మళ్లీ తడపాలి. కొసలకు ఎక్కువ పట్టించాలి, కట్టె నీళ్లు తాగేది కొసల నుంచే. తర్వాత పాలిథిన్‌లో చుట్టి ఒక రాత్రి ఉంచాలి, మందు లోపలికి దిగడానికి. అప్పుడు విప్పి నీడలో ఆరబెట్టాలి. పూర్తిగా ఆరేదాకా పెయింటు ముట్టకూడదు.

చారి కమ్ముల అడుగు రెండు జానలు కోసి, ఆరిన వేపను ఏటవాలుగా అతికాడు. నీరు తగిలినా నిలవకుండా బయటికి జారేట్టు. “ఇదివరకు అతుకు లోపలికి వాలేట్టు కూడా పెట్టేసేవాణ్ణండి, ఎవరు చూస్తారని,” అని నవ్వాడు.

గురువారం ఉదయం కొత్త ఇంటి దగ్గర గోడలు మోకాలెత్తు ఉన్నాయి. నల్లరాయి గడప అప్పటికే కూర్చుంది. పంతులు గారు దర్వాజ పైకమ్మికి పసుపు గుడ్డలో నవధాన్యాల మూట కట్టించారు. నలుగురం పట్టి లేపాం. పాత టేకు కమ్ములు రాయి మీద నిలబడగానే అవ్వ బిందెతో నీళ్లు పోసింది. చెంబుతో కాదు, అన్నట్టే బిందెతో. పంతులు గారి పంచె తడిసింది.

“అమ్మా, జర మెల్లగ!”

“రాయి పంతులూ, ఏం గాదు.”

తర్వాత బావను పిలిచింది. బావ రెండు రోజులుగా అవ్వ ఎదుట పెద్దగా మాట్లాడటం లేదు. “ఓ సీనూ, ఇల్లు ఖతం అయినంక నీ పసుపు డబ్బా తీస్కరా. ఈ రాయికి నువ్వే రంగెయ్యి. నా మోకాళ్లు అట్లనే ఉన్నయ్. గీతలు మాత్రం జర సక్కగ గియ్యి, ఎవడేసిండని అడుగుతరు.” బావ తలూపి, వడ్లు కప్పే టార్పాలిన్ తేవడానికి ఆటో ట్రాలీ వెనక్కి పోయాడు, పైకప్పు పడేదాకా కమ్ములను వాన నుంచి కాపాడాలి కదా. వెంటనే తిరిగి రాలేదు. ఎవరూ వెళ్లి పిలవలేదు.

దేవుని అర్ర గడపను చివర్లో దాని కమ్ముల మధ్య కూర్చోబెట్టి చూశాం. సరిపోయింది. మళ్లీ తీసి పాలిథిన్ పరిచి నీడలో పెట్టాం. అవ్వ నా సంచీ వైపు చెయ్యి చూపించింది.

“గా మీటరు ఈడ పెట్టి పో.”

“అవ్వా, అది నాది, పనికి కావాలి.”

“నీకు ఇంకోటి ఉండదా? డాక్టరు కాడ ఒకటే సూది ఉంటదా?”

ఇచ్చేశాను. వాడే పద్ధతి చెప్పాను. మందు పట్టిన కట్టెలో అంకె కొంచెం ఎక్కువ చూపిస్తుందని కూడా చెప్పాను. “వడ్లల్ల తాలు లెక్క, తీసేసి సూస్త” అని సమాధానపడింది.

శుక్రవారం ఉదయం మిర్యాలగూడ స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలెక్కాను. కిటికీ సీటు దొరికింది. అత్తమ్మ కట్టిన పులిహోర, బావ బలవంతంగా ఇచ్చిన ఐదు కిలోల బియ్యం, సంచీలో మీటరు ఖాళీ డబ్బా. ఎదుటి సీటాయన సంచీ చూసి, “మిర్యాలగూడల పనా, సుట్టాలా?” అన్నాడు. రెండూ అన్నాను. నల్గొండ దాటుతుండగా ఫోన్ వచ్చింది.

“డాక్టర్ సాబ్,” బావ గొంతులో ఫోన్ చేసిన ఆదివారం లేని హుషారు. “అవ్వ పొద్దుగాల స్నానం చేసి, పసుపు గిన్నె పట్టుకుని కడప కాడికే పోయింది. బొట్టు పెడ్తదనుకున్నం. మీటరు గుచ్చింది. ఇరవై ఆరు అట.”

“మందు తడి బావా, దిగుతుంది. బొట్టు పెట్టిందా?”

“నువ్వే విను.” ఫోన్ చేతులు మారిన చప్పుడు.

ఈ జిల్లాల్లో తిరిగిన ఐదు రోజుల్లో నేను చూసిన కట్టెల్లో చాలావరకు నిర్లక్ష్యం వల్ల పుచ్చినవి కావు. ఎవరో ఒకరు ఎక్కువ శ్రద్ధగా కడిగినవి, కప్పినవి, మెరిపించినవి. వాళ్ల చేత ఆ శ్రద్ధను మాన్పించడం మన పని కాదనీ, దాన్ని పొడి చోటికి మళ్లించడమే మన పని అనీ నోట్ రాసుకుందామనుకుంటుండగా అవ్వ గొంతు రైలు చప్పుడును మించి వినిపించింది.

“బొట్టు ఇప్పుడే పెట్ట బిడ్డా. పదిహేడుకు దిగినంక పెడ్త. అప్పటిదాక ఎవ్వరు ముట్టొద్దన్న. ఏం చెప్పాల్నో అన్ని యాది పెట్టుకుంటున్న, ఒక్కపారే చెప్త.”